సెల్‌ఫోను కంపెనీల విలీనములు



మన రెండు తెలుగు రాష్ట్రములయందును నేడు సెల్‌ఫోను లేని యిల్లు అరుదు. పింఛను పడిన వార్తయు, బ్యాంకివారు పంపు రహస్యసంఖ్యయు, దూరదేశమందున్న కుమారుని కంఠధ్వనియు ఆ చిన్న యంత్రముననే మనకు వచ్చుచున్నవి. అట్టిదాని వెల నిర్ణయించువారు ఒకప్పు డెందఱుండిరి, నేడెందఱు మిగిలిరి, తగ్గినందున మనకు కలిగినదేమి యను చరిత్రమును మనవి చేయదలచితిని. టెలిఫోనునకు దూరశ్రవణి మొదలగు పేర్లను పండితులు కల్పించిరి గాని, అంగడిలో చెల్లు మాటయే నాకును చాలును.

1995 జూలై 31వ తేదీని పశ్చిమవంగ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరాముతో సెల్‌ఫోనున మాటాడెను. మన దేశమున నదియే మొదటి పిలుపు. అప్పటి ప్రభుత్వమువారు దేశమును సర్కిళ్లను పేర మండలములుగా విభజించి, ఒక్కొక్క మండలమున రెండేసి కంపెనీలకు లైసెన్సు లిచ్చిరి. ఆంధ్రప్రదేశ మండలము జే.టి. మొబైల్సు, టాటా సెల్యులరు అను రెండింటికి దక్కెను. (2014లో రాష్ట్రము రెండైనను, లైసెన్సుల లెక్కలో తెలంగాణాంధ్రములు నేటికిని ఒక్క మండలమే.) అంగడిలో ఇరువురే వర్తకులున్నచో ధర యెట్లుండునో పెద్దలకు చెప్పనక్కఱలేదు. నిమిషమునకు 16 రూపాయల వఱకు పుచ్చుకొనుచుండిరి. పిలిచినవాడే కాదు, పిలువబడినవాడును చెల్లింపవలసి యుండెను. చుట్టము తన బండికూలి తానిచ్చుకొని వచ్చినను, వాకిట మనచేతను సుంకము కట్టించినట్లుండెడిది.

విలీనమను పదము "లీ" ధాతువు నుండి పుట్టినది. అంటుకొనుట, కరగిపోవుట దాని యర్థము. ఉప్పు నీటియందు కరగినట్లు ఒక కంపెనీ వేఱొకదానియందు కరగుట విలీనము. అయితే కరగుటలన్నియు నొక్కతీరువి కావు. ఈ భేద మెఱుగకయే కొందఱు విలీనమన్నంతనే చెఱుపందురు, కొందఱు మేలందురు. 1999లో భారతీవారు, అనగా ఎయిర్‌టెల్‌వారు, జే.టి. మొబైల్సును చేజిక్కించుకొనిరి. అంతకుమునుపు వారికి మన మండలమున సెల్‌ఫోను వ్యాపారము లేదు. కావున పాత యజమాని పోయి క్రొత్త యజమాని వచ్చెనే గాని వర్తకుల లెక్క తగ్గలేదు. టాటావారి ఆంధ్ర వ్యాపారమును, బిర్లావారి గుజరాతు, మహారాష్ట్ర వ్యాపారమును 2001 నాటికి ఏకమై, 2002లో ఐడియా యను పేరు దాల్చెను. ఇదియు నట్టిదే. కృష్ణయొడ్డున కొనువానికి నర్మదయొడ్డున అమ్మువాడు వలసినవాడు కాడు గదా! 2007లో హచ్చి కంపెనీని సీమదేశపు వోడాఫోనువారు కొన్నప్పుడును అంగడి పలక మాఱెనే గాని అంగళ్ల సంఖ్య మాఱలేదు. ఈ మూడింటివలనను చందాదారునకు నష్టము కలిగినదని నేను తలపను.

ఈ నడుమ పోటీ పెరిగెను. 1997లో ట్రాయి యను నియంత్రణ సంస్థ యేర్పడెను. 1999 నాటి క్రొత్త విధానమున, లైసెన్సునకు స్థిరమైన పెద్దమొత్తము కట్టు పద్ధతి పోయి, వచ్చిన రాబడిలో పాలు ఇచ్చు పద్ధతి వచ్చెను. 2002 అక్టోబరులో ప్రభుత్వపు బి.ఎస్.ఎన్.ఎల్., డిసెంబరులో రిలయన్సు రంగమున దిగెను. 2003 మే 1వ తేదీ మొదలు వచ్చు పిలుపులకు రుసుము పోయెను. 2009లో టాటా డొకోమోవారు నిమిషపు లెక్క మాని సెకనునకు 1 పైస యన్నంతనే తక్కినవారును ఆ త్రోవ పట్టక తప్పలేదు. 2011 జనవరి 20 నుండి, నంబరు మార్చుకొనకయే కంపెనీని మార్చుకొను హక్కు దేశమంతట కలిగెను. అప్పటికి దేశమున పదింటికి మించిన కంపెనీలుండెను. రైతుకూలి చేతికి ఫోను వచ్చినది ఈ కాలముననే యని మఱువరాదు.

మఱి యంతమందియు నేమైరి? ఆకాశమందలి తరంగములను ప్రభుత్వమువారు 2010లో వేలము వేయగా లక్షకోట్ల రూపాయలకు మించి వచ్చెను. ఆ సొమ్ములో పెద్దభాగము అప్పుతెచ్చినది. 2008లో ఇచ్చిన 122 లైసెన్సులను సుప్రీముకోర్టువారు 2012 ఫిబ్రవరి 2న రద్దు చేసిరి. 2016 సెప్టెంబరు 5న జియో ప్రవేశించి, మాటలను ఉచితముగను, ఇంటర్నెట్టును కొన్ని నెలలు ఊరకయు ఇచ్చెను. అప్పులలో మునిగియున్నవారికి ఇది కోలుకొనలేని దెబ్బ. అనిల్ అంబానీగారి రిలయన్సు సెల్‌ఫోను వ్యాపారము మూతపడెను. ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసెను. టెలినారు 2018లోను, టాటావారి సెల్‌ఫోను వ్యాపారము 2019లోను ఎయిర్‌టెల్‌లో కలిసెను. 2017 మార్చి 20న ప్రకటింపబడిన వోడాఫోను, ఐడియాల విలీనము 2018 ఆగస్టు 31న ముగిసెను.

పూర్వపు విలీనములకును వీనికిని గల భేదమిదియే: ఈ కలిసినవారందఱును ఒకే సంతలో ఎదురెదురుగా అమ్ముచుండినవారు. వారి వాదము త్రోసివేయదగినది కాదు. ఒక్క యూరిలో నలుగురు నాలుగు టవర్లు నిలిపి, నాలిగింటికి కరెంటు, డీజిలు, కాపలా భరించుట వ్యర్థవ్యయమే. ఇరువురి తరంగములు ఒక్కచోట చేరినచో, రెండు చిన్నచెక్కలు కలిసి ఒక కమతమైనట్లు, పని సుకరమగును. పైగా మునుగువానిని కలియనీయకున్న వాడెట్లును మునుగును. ఒక మండలమున సగమునకు మించిన వాటా యెవ్వరికిని ఉండరాదని 2014 నాటి ప్రభుత్వ నియమమును కలదు. ఇంతయైనను, కలిసినంత మాత్రమున బలము వచ్చునన్న మాట వోడాఫోను ఐడియా విషయమున నిజము కాలేదు. కలిసిననాడు దాదాపు 40 కోట్ల చందాదారులతో దేశమున నగ్రస్థానమున నిలిచిన యా కంపెనీకి 2025 నాటికి సుమారు సగముమందియే మిగిలిరి. బకాయిలకు బదులుగా ప్రభుత్వమువారు వాటాలు పుచ్చుకొనగా, ఆ సంవత్సరము ఏప్రిలునకు ప్రభుత్వ భాగము దాదాపు 49 పాళ్లయ్యెను.

ఇక ధర మాట. సెల్‌ఫోను రేట్లను ట్రాయివారు నిర్ణయింపరు, కంపెనీలకే విడిచిరి. పోటీయే ధరను అణచునని వారి విశ్వాసము. ఇంటర్నెట్టు వాడు యువకుని యడిగిన లాభమే చెప్పును. 2014లో ఒక జీబీకి 200 రూపాయలకు మించి యిచ్చినవాడు నేడు అందులో స్వల్పభాగమే యిచ్చుచున్నాడు. బొత్తాముల ఫోనుతో కొడుకు పిలుపునకై ఎదురుచూచు ముదుసలి కథ వేఱు. ఆమె పిలువదు, పిలుపు నందుకొనును. పూర్వము రెండు మూడు నెలలకొకసారి పదిరూపాయలు వేసికొన్న చాలెడిది. 2018 తుదిని, 28 దినములకు 35 రూపాయలైనను వేయనివారికి సేవ నిలుపుదుమని పెద్ద కంపెనీలు చెప్పెను. ఎయిర్‌టెల్‌లో ఆ కనీసపు రీచార్జియే 2024 జూలై నాటికి 199 రూపాయలయ్యెను. నెలకు 28 దినములన్నచో సంవత్సరమునకు పండ్రెండు గాదు, పదుమూడు మార్లు కట్టవలెనని లెక్క తెలిసినవారు గ్రహింతురు. ఇదంతయు విలీనముల దోషమే యనుట న్యాయము గాదు. 2019 అక్టోబరు 24న సుప్రీముకోర్టు తీర్పువలన కంపెనీలపై బకాయిల భారమును పడెను. అయినను పదిమంది యున్ననాడు ఎవడైన నొకడు ఆ ముదుసలిని తనవైపు పిలిచియుండును.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున, కంటకశోధనమను నాలుగవ యధికరణమందు, వర్తకులు కూడబలుకుకొని సరకును నిలిపి హెచ్చువెలకు అమ్మినచో వేయి పణముల దండము విధించెను. మన కాంపిటీషన్ చట్టము 2002లో వచ్చినది. మన కంపెనీలు కూడబలుకుకొన్నవని నేననుట లేదు. 2024 జూన్ నెల తుదిని రెండు దినముల వ్యవధిలో మూడు కంపెనీలును ధరలు పెంచుదుమని ప్రకటించెను. మువ్వురే యున్నచోట మాటాడుకొన నక్కఱలేదు, ఒకరి పలకను ఒకరు చూచుకొన్న చాలును. దానిని ఏ దండమును పట్టలేదు. కనుకనే విలీనమునకు అనుమతి యిచ్చుటకు ముందే, ఎందఱు మిగులుదురని లెక్కించుట ప్రధానము. నాడు ధర పెంచనిది బి.ఎస్.ఎన్.ఎల్. ఒక్కటే. లక్షలకొలది జనులు దానిని చేరిరి. కాని దాని స్వదేశీ 4జి ప్రారంభోత్సవము 2025 సెప్టెంబరున గాని జరుగలేదు.

ట్రాయివారు ఊరకుండలేదు. 30 దినముల ప్యాకు ఒక్కటైనను పెట్టవలెనని 2022 జనవరిలోను, ఇంటర్నెట్టుతో పనిలేనివారికై మాటలకును సందేశములకును మాత్రమే చెల్లు ప్యాకును, 365 దినములకు మించని గడువుతో పెట్టవలెనని 2024 డిసెంబరులోను ఉత్తరువు లిచ్చిరి. 2025 జనవరిలో కంపెనీలు అట్టివానిని పెట్టెను. బొత్తాముల ఫోను గలవారు రీచార్జికి పోయినప్పుడు "ఇంటర్నెట్టు లేని ప్యాకు" అని నోరార అడుగుడు. అడుగనివానికి దుకాణదారు దానిని చూపుట అరుదు.