మయోలికా, ఫయాన్స్, డెల్ఫ్ట్: మెరుగుపూత మట్టిపాత్రల గుర్తింపు

తెలుగు వాడుకలో ఊరగాయ జాడీ, చీనా కప్పు, ఇటలీ పళ్లెం అన్నీ 'పింగాణీ'యే. నిత్యవ్యవహారానికి ఇది చాలును గాని, చరిత్ర రచనకు చాలదు. ఐరోపా మట్టిపాత్రలలో ఒక ప్రధాన శాఖ, పింగాణీ చేయ వీలులేని చోట పింగాణీని అనుకరించే ప్రయత్నం నుండే వికసించింది. రెంటికీ ఒకే పేరు పెట్టినచో ఆ ప్రయత్నమే కనుమరుగవుతుంది.

9వ శతాబ్దిలో అబ్బాసీల ఏలుబడిలోని ఇరాక్‌కు చీనా తెల్లపాత్రలు దిగుమతి అయ్యేవి. అటువంటి తెల్లమట్టి అక్కడి కుమ్మరులకు లేదు. మామూలు సీసపు పూత పారదర్శకం. అడుగునున్న మట్టి రంగు దాగదు. పూతలో టిన్ ఆక్సైడు కలిపితే అది పాలవలె తెల్లబడి మట్టిని కప్పివేస్తుంది. ఈ విద్య ముస్లిం స్పెయిన్ మీదుగా ఇటలీకి, ఆపైన ఫ్రాన్సు, హాలెండులకు చేరింది. మయోలికా అన్న పేరును సాధారణంగా మజోర్కా ద్వీపంతో ముడిపెడతారు. ఫయాన్స్‌కు మూలం ఇటలీలోని ఫయెంజా. డెల్ఫ్ట్ డచ్చి పట్టణం. మూడూ ఊళ్ల పేర్లే తప్ప మూడు సాంకేతికతలు కావు.

కనుక మొదట చూడవలసినది బొమ్మను కాదు, పెచ్చు ఊడిన అంచును. తెల్లని పొర కింద ఎరుపో పసుపో గోధుమరంగో గల గుల్లమట్టి కనిపిస్తే అది తగరపు పూత. పింగాణీ విరిగిన చోటా తెలుపే. పలుచని పింగాణీ వెలుగుకు పట్టి చూస్తే కాంతిని ప్రసరింపజేస్తుంది. శైలి పరిశీలన ఆ తరువాతి మాట. ఉర్బినో పళ్లేలలో పురాణ, చారిత్రక ఘట్టాలు పసుపు, నారింజ, నీలం, ఆకుపచ్చ రంగులలో పళ్లెమంతా పరచుకొంటాయి. కాల్చని పూత రంగును వెంటనే పీల్చుకొంటుంది. గీసిన గీతను దిద్దుకొనే అవకాశం చిత్రకారునికి దాదాపు ఉండదు. 17వ శతాబ్ది మధ్యలో మింగ్ పతనంతో చీనా ఎగుమతులు కుంటుపడగా, డెల్ఫ్ట్ నీలి-తెలుపు పాత్రలు ఆ కొరతను పూరించాయి. అయితే డెల్ఫ్ట్‌లో బహువర్ణ పాత్రలూ తయారయ్యాయి గనుక, రంగు ఒక్కటే ఆధారం కాజాలదు.

అసలు చిక్కు 'మెజోలికా'తో వస్తుంది. 1851 లండన్ మహాప్రదర్శనలో మింటన్ సంస్థ ఉబ్బెత్తు ఆకులు, పూవులపై రంగుల సీసపు పూతలు గల పాత్రలను ప్రదర్శించింది. వీటిని రూపొందించినవాడు లియోన్ ఆర్నూ. ఫ్రెంచి కుమ్మరి పాలిస్సీ పేరుతో సంస్థ పిలిచిన ఈ పాత్రలకు లోకంలో మెజోలికా పేరే స్థిరపడింది. వాటి రంగుల పూతలలో తెల్లని తగరపు పొర లేదు. అక్షరం మార్పుతో రెండు వేర్వేరు వస్తువులు ఒకే వర్గంలో చేరిపోయే ప్రమాదం తెలుగు లిప్యంతరీకరణలో మరీ ఎక్కువ.

ఫయాన్స్ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. హరప్పా పూసలు, గాజుల వర్ణనలో కనిపించే ఫయాన్స్ మట్టి కానేకాదు. పొడిచేసిన క్వార్ట్జ్‌కు మెరుగుపూత పట్టించిన పదార్థమది. దానిని 'పింగాణీ' అని అనువదించడం రెండింతల పొరపాటు.