పొగ దారిని లెక్కగట్టినవాళ్లు

చలికాలం తెల్లవారుజామున జగిత్యాల శివార్లలో బాయిల్డ్ రైస్ మిల్లు పొగ చూడండి. సన్నటి చారలా సాగి, కదలకుండా నిలిచిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఆ పొగే మెలికలు తిరుగుతూ ఒకసారి పైకి లేస్తుంది, మరోసారి ఇళ్ల మీదికి దిగుతుంది. ఊక అదే, చిమ్నీ అదే. మరి ఎవరి వాకిట ఎంత పడుతుందో ముందే చెప్పడం ఎలా?

ఈ చిక్కుముడి విప్పే పని ఓ ఓడ మీద మొదలైంది. 1912లో టైటానిక్ మునిగింది. మంచుకొండల మీద నిఘాకు మరుసటి ఏడాది స్కోషియా అనే ఓడను అట్లాంటిక్‌లోకి పంపారు. అందులో వాతావరణ పరిశీలకుడిగా జెఫ్రీ టేలర్ అనే యువకుడికి చోటు దొరికింది. అతను ఓడ మీంచి గాలిపటాలు ఎగరేసి, ఎత్తును బట్టి గాలి వేడి ఎలా మారుతోందో కొలిచాడు. గాలి చిన్నా పెద్దా సుడులుగా కలగలుస్తుందనీ, వేడినీ తేమనూ మోసేది ఆ సుడులేననీ 1915లో రాశాడు. టైటానిక్ క్షేమంగా ఒడ్డు చేరి ఉంటే ఆ ప్రయాణమే ఉండేది కాదు.

ఆ 1915లోనే యుద్ధభూమిలో క్లోరిన్ వాయువు మనుషుల మీదికి వదిలారు. ఆ తరువాత ఇంగ్లండులోని పోర్టన్ కేంద్రంలో, విషవాయువు ఎంత దూరం పాకుతుందన్న లెక్క సైన్యానికి అవసరమైన పని అయింది. అక్కడ ఆలివర్ సటన్ 1932లో ఒక సూత్రం తయారుచేశాడు. ఇవాళ ఊళ్లను కాపాడటానికి వాడే విద్యకు పుట్టిల్లు ఆ సైనిక కేంద్రమే. చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా దాచేదేమీ లేదు. మబ్బు పట్టి, ఓ మోస్తరు గాలి వీచే రోజుల్లో సూత్రం బాగానే పనిచేసింది. ఎండ మండినా, రాత్రి ఆకాశం తేటపడినా తప్పింది.

అందుకని 1956 వేసవిలో అమెరికాలోని నెబ్రాస్కా గడ్డిమైదానంలో నేలకు దగ్గరగా సల్ఫర్ డయాక్సైడ్ వదిలి, 800 మీటర్ల దాకా వరుసలు వరుసలుగా పరికరాలు పెట్టి కొలిచారు. పగలూ రాత్రీ కలిపి దాదాపు 70 సార్లు. ఆ అంకెల ఆసరాతో బ్రిటన్ వాతావరణ శాఖలోని ఫ్రాంక్ పాస్క్విల్ 1961లో ఓ చిన్న పట్టిక అచ్చువేశాడు. ఎండ ఎంత, గాలి ఎంత, రాత్రయితే మబ్బు ఎంత అన్నవి చూసి, గాలి తీరును ‘ఎ’ నుంచి ‘ఎఫ్’ దాకా ఆరు రకాలుగా విడదీయవచ్చు. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ప్రపంచమంతా దాన్ని అందుకుంది. ఎంతగా అంటే, నేల మీద 800 మీటర్లలో తేలిన విషయాన్ని ఆకాశమెత్తు పొగగొట్టాలకూ, పదుల కిలోమీటర్లకూ సాగదీశారు.

అక్కడే దెబ్బతిన్నారు. 1970లలో కొలరాడో రాష్ట్రంలోని బోల్డర్‌లో విల్లిస్, డియర్‌డార్ఫ్ అనే ఇద్దరు నీళ్ల తొట్టిని అడుగునుంచి వేడిచేసి, అందులో సన్నటి నూనె బిందువులు వదిలారు. మైదానం మీద మండే ఎండకు ఆ తొట్టి నకలు. అడుగున వదిలినవి పైకి లేచాయి. ఎత్తులో వదిలినవి ముందు కిందికి దిగాయి! కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. వేడిగాలి ఇరుకు స్తంభాల్లా జోరుగా లేస్తుంది. వాటి మధ్య విశాలమైన జాగాలో గాలి మెల్లగా దిగుతుంది. ఎత్తయిన చిమ్నీ పొగ ఎక్కువసేపు చిక్కేది ఆ దిగే గాలిలోనే. ఈ సంగతిని లెక్కలోకి తెచ్చే కొత్త నమూనా ‘ఏర్‌మాడ్’ కోసం 1991లో ఓ బృందం కూర్చుంది. అందులో మన దేశం నుంచి వెళ్లిన ఆకుల వెంకట్రామ్ ఒకరు. 2005లో గానీ అమెరికా ప్రభుత్వం దానికి ఆమోదముద్ర వేయలేదు.

మనకిది దూరపు కబురు కాదు. రామగుండంలో ఉన్నటువంటి 500 మెగావాట్ల యూనిట్లకు 275 మీటర్ల పొగగొట్టం కట్టాలని మన దేశంలో నిబంధన పెట్టారు. ఎత్తు వల్ల పొగ పలచబడే మాట నిజం. మన ఎండల్లో అది ముందే నేలను తాకగలదన్నదీ నిజమే.

ఇంకో లోటుంది. ఈ లెక్క వాకిలి దాకా వచ్చి ఆగుతుంది. కోరుట్లలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆమె పీల్చే తంబాకు దుమ్ము, సిరిసిల్లలో సాంచాల మధ్య పొద్దంతా నిలబడే కార్మికుడు పీల్చే నూలు ధూళి అందులోకి రావు. మనిషి ఎక్కడుంటే అక్కడే కొలవాలి. నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో 400కు పైగా ఇళ్లలో కల్పనా బాలకృష్ణన్ బృందం అలాగే కొలిచి 2004లో ఫలితాలు ప్రకటించింది. గ్యాస్ వాడే ఇళ్లలో ఘనపు మీటరు గాలికి సగటున 73 మైక్రోగ్రాముల సన్నటి ధూళి తేలితే, కట్టెల వంటి ఇంధనాల ఇళ్లలో అది 732 దాకా చేరింది.

మళ్లీ చిమ్నీ పొగ సంగతికొస్తే, మీ మండలంలో పెద్ద ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో కూడా అందుబాటులో ఉంచాలి. అది అడిగి తీసుకోండి. పొగ ఎక్కువగా పడే చోటు ఎంత దూరమని రాశారో, ఏ నెలల గాలి లెక్కతో రాశారో చూడండి. ఎండాకాలం అందులో లేకపోతే, ఎందుకు లేదని సభలోనే అడగండి.