ఉమ్మడి పేజీకి తాళం ఎందుకు?

1980ల నడుమ ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడు ఇద్దరు విద్యార్థులతో కలిసి ఒక సి కంపైలర్ రాస్తున్నాడు. ముగ్గురి వేళలూ కుదిరేవి కావు. ఒకరు ఆఫీసు ఉద్యోగిలా పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవారు, ఒకరికి వేళాపాళా లేదు, గ్రూన్‌కేమో సాయంత్రాలే తీరిక. అప్పట్లో ఫైళ్ల పాత కూర్పులను దాచిపెట్టడానికి ఆర్‌సీఎస్ అనే సాధనం ఉండేది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆ సాధనంతో ఫైలు దిద్దాలంటే ముందు దానికి తాళం వేసుకోవాలి. వేసినవాడు తీయడం మరిచి ఇంటికి వెళ్లిపోతే మిగతావాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

గ్రూన్ ఆ తాళం పద్ధతినే పక్కన పెట్టాడు. ఎవరి ప్రతి వాళ్ల దగ్గరే ఉంటుంది, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు దిద్దుకుంటారు, చివర్లో యంత్రం అన్నింటినీ కలిపి కుడుతుంది. ఇద్దరు ఒకే వరుసను ముట్టుకుంటే మాత్రం యంత్రం తీర్పు చెప్పదు. రెండు పాఠాలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి, మధ్యలో గీతలు గీసి, తేల్చే పని మనిషికే వదిలేస్తుంది. 1986లో బయటికి వచ్చిన ఈ సాధనం పేరు సీవీఎస్. 1989లో బ్రయన్ బెర్లినర్ అనే ప్రోగ్రామర్ దాన్ని సి భాషలో తిరగరాశాక, జీతం లేకుండా సాఫ్ట్‌వేర్ రాసే స్వచ్ఛంద బృందాలకు అదే ఉమ్మడి పెట్టె అయింది. ఖండాంతరాల్లో ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఒకే పని చేయగలిగారంటే, ఆ ఘనతలో పెద్ద వాటా దీనిదే.

1995లో రెండు తలుపులు తెరుచుకున్నాయి. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రాసే బృందం తమ సీవీఎస్ పెట్టెను పేరూ ఊరూ చెప్పకుండా ఎవరైనా చదువుకోవచ్చని ప్రకటించింది. అదే ఏడాది మార్చి 25న ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో వార్డ్ కనింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ ఇంకా ముందుకు వెళ్లి, రాసే హక్కునే అందరికీ ఇచ్చాడు. ప్రోగ్రామర్లు తమ అనుభవాలు పంచుకోవడానికి పెట్టిన ఆయన సైటే మొదటి వికీ. పాస్‌వర్డ్ లేదు, అనుమతి లేదు. పేజీ అడుగున ఉన్న లింకు నొక్కితే పాఠమంతా దిద్దడానికి సిద్ధం. కాపలాగా ఆయన పెట్టింది ఒక్కటే, ఈమధ్య ఏ ఏ పేజీలు మారాయో చూపే జాబితా. చేసినది పదిమందికీ కనబడుతుందన్న ఎరుకే చాలావరకు పని చేసింది.

డెబియన్ ఈ రెండు దారుల్లోనూ నడిచింది. 1993 ఆగస్టు 16న ఇయన్ మర్డాక్ ప్రకటించిన ఈ స్వచ్ఛంద ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు తన ప్రధాన వెబ్‌సైటును సీవీఎస్‌లోనే ఉంచింది. దాని పేజీలు చాలా భాషల్లో ఉంటాయి. ఇంగ్లిష్ మూలం మారినప్పుడు అనువాదాలు వెనకబడకుండా చూడడమెలా? అనువాదకులు ప్రతి పేజీ తలభాగంలో ఒక చిన్న పంక్తి రాసేవారు. తాము మూలంలోని ఏ కూర్పును అనువదించారో, ఉదాహరణకు 1.25 అని, అందులో ఉండేది. మూలం 1.27కి చేరితే యంత్రం ఆ తేడా పట్టుకునేది. అనువాదం మరీ పాతబడితే, ఇది పాతది, మూలం చూడండి అని పాఠకుడికి పేజీలోనే హెచ్చరిక కనబడేది. అనువాదకుణ్ణి నిందించకుండా పాఠకుడికి నిజం చెప్పే ఏర్పాటు ఇది. స్వచ్ఛంద సేవలో ఇంతకంటే మర్యాదైన పద్ధతి అరుదు. 2018లో సైటును సీవీఎస్ నుంచి గిట్ అనే మరో కూర్పుల సాధనానికి మార్చినప్పుడు ఆ పంక్తులన్నీ మార్చవలసి వచ్చింది. గిట్‌లో 1.25 వంటి వరుస సంఖ్యలుండవు, నలభై అక్షరాల గుర్తు ఉంటుంది. ఏది ముందో ఏది వెనకో కంటితో చూసి చెప్పలేం, ఆ లెక్క యంత్రానికే వదలాలి.

సైటు పక్కనే డెబియన్ వికీ కూడా నడిచింది. 2000లో పైథాన్ భాషలో పుట్టిన మోయిన్‌మోయిన్ అనే సాఫ్ట్‌వేర్ దానికి ఆధారం. పైథాన్ ప్రాజెక్టు వికీ కూడా దాని మీదే నడిచేది.

తెరిచిన తలుపులోంచి మొదట చొరబడింది స్పామ్. గూగుల్ వెతుకులాటలో తమ సైట్లు పైకి రావాలని వ్యాపారులు వికీ పేజీల నిండా లింకులు గుమ్మరించేవారు. 2005 జనవరిలో గూగుల్ నోఫాలో అనే గుర్తు తెచ్చి, అది ఉన్న లింకులను లెక్కలోకి తీసుకోబోమని చెప్పింది. అయినా చెత్త ఆగలేదు. 2012లో అంతకు మించిన దెబ్బ తగిలింది. మోయిన్‌మోయిన్‌లోని ఒక లొసుగు గుండా జూలైలో డెబియన్ వికీలోకి, డిసెంబరు 28న పైథాన్ వికీలోకి ఆగంతకులు చొరబడ్డారు. ఆ తర్వాత పైథాన్ వికీ ఫైళ్లన్నీ తుడిచేశారు కూడా. విషయం బయటపడ్డాక డెబియన్ తన వికీలోని పాస్‌వర్డులన్నిటినీ రద్దు చేసి కొత్తవి పెట్టుకోమంది. పైథాన్ వికీలోనైతే ఖాతా ఉంటే చాలదు, నిర్వాహకులను అడిగి ఎడిటర్ల జాబితాలో పేరు చేర్పించుకోవాలనే నియమం కూడా వచ్చింది. ఒక్క అక్షరదోషం దిద్దాలని వచ్చిన కొత్తవాడు ఆ గుమ్మం దగ్గరే వెనుదిరగడం నిజంగా నష్టమే. కానీ రాత్రిళ్లు కూర్చుని ఆ చెత్త ఎత్తిపోసినవాళ్లూ జీతం లేనివాళ్లే కదా, వాళ్ల ఓపికకూ హద్దు ఉంటుంది.

తెలుగువారికి ఈ చరిత్ర 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ద్వారా చేరింది. దాన్ని నడిపే మీడియావికీ కూడా స్వచ్ఛంద సాఫ్ట్‌వేరే. ఖాతా లేకపోయినా చాలా పేజీలు దిద్దవచ్చు. ప్రతి మార్పూ పేజీ చరిత్రలో నిలిచి ఉంటుంది, చెడగొట్టినదాన్ని తేలిగ్గా వెనక్కి తిప్పవచ్చు. తగవులు రచ్చబండ పేజీలో తేలతాయి. ఆ సాఫ్ట్‌వేర్ మెనూలనూ బటన్లనూ తెలుగులోకి తెచ్చినవాళ్లు ట్రాన్స్‌లేట్‌వికీ అనే సైటులో పనిచేసే స్వచ్ఛంద అనువాదకులు. అక్కడ మాత్రం కొత్తగా వచ్చినవారు ముందు కొన్ని అనువాదాలు చేసి చూపాలి. వాటిని పాతవాళ్లు చూసి సరేనన్న తర్వాతే పూర్తి అనుమతి దొరుకుతుంది.