తెరచాప నీడలో బ్రదుకు: కాకినాడ - మద్రాసు పడవల కథ

మన మునగాలకు సముద్రము లేదు. అయినా మన పెద్దలకు పడవ అంటే బొత్తిగా తెలియనిదేమీ కాదు. మునగాల పరగణా 1959లో నల్గొండ జిల్లాలో కలిసేవరకు కృష్ణా జిల్లాలోనే ఉండేది. కచేరీ పనికైనా కోర్టు పనికైనా మనవారు బెజవాడ, బందరు వైపే వెళ్ళేవారు. బెజవాడలో బండి దిగినవారికి ముందు కనబడేది కృష్ణ ఆనకట్ట, దాని ప్రక్కన లాకుల దగ్గర బారులు తీరి నిలిచిన తెరచాప పడవలు. ఆ పడవలు ఎక్కడినుండి వచ్చేవి, ఎక్కడికి పోయేవి, వాటి మీద మనుషులు ఎలా బ్రదికేవారు అన్న సంగతులు ఈ శతవార్షిక సంచికలో కొంచెము వ్రాయాలని నా కోరిక. దానికి కారణము చివర మనవి చేస్తాను.

ముందుగా దారి సంగతి. గోదావరికి ధవళేశ్వరము వద్ద ఆనకట్ట 1852లోను, కృష్ణకు బెజవాడ వద్ద ఆనకట్ట 1855లోను పూర్తి అయ్యాయి. వీటి కాలువలు పొలాలకు నీళ్ళే గాక పడవలకు దారి కూడా ఇచ్చాయి. కాకినాడలో బయలుదేరిన పడవ ధవళేశ్వరము చేరి, గోదావరి దాటి విజ్జేశ్వరము లాకులో ప్రవేశించి, ఏలూరు మీదుగా బెజవాడ వచ్చేది. అక్కడ కృష్ణ దాటి, సీతానగరము వద్ద కొమ్మమూరు కాలువలో దిగి, దుగ్గిరాల మీదుగా పెదగంజాము చేరేది. అక్కడినుండి మద్రాసు వరకు, ఆపైన మరక్కాణము వరకు సముద్రపు ఒడ్డు వెంబడే సాగేది బకింగుహాము కాలువ. 1806లో మద్రాసు, ఎన్నూరుల మధ్య మొదలైన ఈ కాలువను అంచెలంచెలుగా ఉత్తరానికి పొడిగించారు. 1876-78 నాటి ధాత కరువులో వేలాది కూలీల చేత మరికొంత త్రవ్వించి, అప్పటి గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు పెట్టారు.

నేను వేదాంత కళాశాలలో చదువుకునే రోజుల్లో ఒక వేసవిలో సంఘ సేవ నిమిత్తము పెదగంజాము దగ్గర ఒక పల్లెకు వెళ్ళాను. అక్కడ డెబ్బది దాటిన ఒక తాతగారు ఉండేవారు. పదేండ్ల వయస్సునుండి ఆయన పడవ మీదనే పెరిగారట. సాయంకాలము ప్రార్థన అయ్యాక ఆయన చెప్పిన సంగతులు నా నోటు పుస్తకములో ఇప్పటికీ ఉన్నాయి.

పడవకు నలుగురైదుగురు మనుషులు. చుక్కాని దగ్గర తండేలు, తాడు లాగేవారు ఇద్దరు ముగ్గురు, వంటకు ఒక కుర్రవాడు. ఆ కుర్రవాడే మొదట ఆయన. తెల్లవారక ముందే లేచి పడవ అడుగున ఊరిన నీరు తోడిపోయడముతో దినము మొదలయ్యేది. చద్దన్నము, ఉల్లిపాయ తిని పనిలోకి దిగేవారు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. వేసవిలో దక్షిణపు గాలి ఉత్తరానికి వచ్చే పడవలకు మేలు. కార్తీకము దగ్గరనుండి ఈశాన్యపు గాలి మద్రాసు పోయే పడవలకు మేలు. గాలి లేకపోతే గడలతో పొడిచేవారు, లేదా ఇద్దరు గట్టు మీదికి దిగి తాడు గుండెకు అడ్డముగా వేసుకొని లాగేవారు. గట్టు పొదలకు తగలకుండా ఆ తాడును పైన కొయ్యకు కట్టేవారు. వంతెన వస్తే కొయ్య దించాలి, దాటాక మరల ఎత్తాలి. లాకు వస్తే వరుసలో ఆగాలి. ఒక్కొక్కప్పుడు అరదినము అక్కడే గడిచేది.

మధ్యాహ్నము ఒక్కసారే పొయ్యి వెలిగించేవారు. కొయ్యపెట్టెలో ఇసుక పోసి దానిపై మట్టిపొయ్యి పెట్టేవారు. అన్నము, ఎండుచేపల పులుసు. కాలువలో వల పడితే పచ్చిచేపలు. అన్నిటికంటె కష్టము మంచినీరు. పెదగంజాము దాటితే కాలువ నీరు ఉప్పన. సముద్రపు పోటు ఏటి మొగలలోగుండా లోపలికి వస్తుంది. అందుకని కుర్రవాడు కుండ తీసుకొని సరుగుడు తోపుల మధ్య ఇసుకలో చెలమ తీసి, ఊరిన తియ్యని నీరు ముంతతో తోడి తెచ్చేవాడు. "ప్రక్కన సముద్రం హోరు, చేతిలో ముంతెడు మంచినీళ్ళు. ఆ నీళ్ళ విలువ మాకు తెలుసండి అయ్యగారూ" అన్నారాయన.

పోతూ బియ్యము, మిరపకాయలు, పొగాకు. వస్తూ ఉప్పు, మద్రాసు సరుకులు. శ్రీహరికోట అడవి కట్టెలు మద్రాసు పొయ్యిలకు చేర్చినవీ ఈ పడవలే. గాలి కలిసివస్తే పెదగంజామునుండి మద్రాసుకు పది పన్నెండు రోజులు, లేకపోతే మూడు వారాలు. పులికాటు సరస్సు ప్రాంతములో గాలివాన పట్టిందంటే లంగరు వేసి, సరుకు మీద తాటాకు చాపలు కప్పి, తాము తడుస్తూ కూర్చునేవారు.

ఆయన తాతకు కాలువతో ఇంకా పాత సంబంధము ఉన్నది. ధాత కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు ఆకలితో ఉన్నవారికి కూలి దొరకాలని కాలువలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకున్నారు. మాదిగపల్లెల ప్రజలు వేలుగా ఆ పనికి వచ్చారు. అన్నము కోసము మతము పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, కరువు పని సాగినన్నాళ్ళు ఆయన ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. పని ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ సంఖ్య సంఘ చరిత్రలన్నిటిలో ఉన్నది. ఆ కాలువ మట్టి మోసినవారిలో తన తాత ఒకడని ఆ వృద్ధుడు చెప్పారు. తాత త్రవ్విన కాలువలో మనుమడు పడవ లాగాడన్నమాట.

"మరి ఆదివారము ఆరాధనకు ఆగేవారా?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. "గాలి వస్తే ఆదివారమైనా చాప ఎత్తాల్సిందే బాబూ. తాడు లాగుతూ పాటలు పాడుకునేవాళ్ళం. సంఘం పుస్తకంలో మాత్రం మా పేర్ల ఎదుట 'ఊరిలో లేరు' అని రాసేవారు. ఏండ్ల తరబడి అదే మాట" అన్నారు. ఆ మాటలో కోపము లేదు గాని, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1899లో మద్రాసు, బెజవాడల మధ్య రైలుమార్గము పూర్తి అయినప్పటినుండి పడవలకు పోటీ మొదలైంది. తరువాత లారీలు వచ్చాయి. 1965, 1966 సంవత్సరాల తుఫానులకు కాలువ బాగా దెబ్బతిన్నది. పూడిక పేరుకొని, పడవలు ఒక్కొక్కటే ఒడ్డెక్కాయి. అయినా 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు చాలాచోట్ల ఆ పాత కాలువే సముద్రపు నీటిని తనలో ఇముడ్చుకొని వెనుకనున్న పల్లెలకు నష్టము తగ్గించింది. 2008లో దీనిని 4వ జాతీయ జలమార్గములో చేర్చారు. అదే జలమార్గములో మన మిర్యాలగూడ వైపు వజీరాబాదునుండి విజయవాడ వరకు 157 కిలోమీటర్ల కృష్ణానది కూడా ఉన్నది. కాగితము మీదనైనా మన ప్రాంతము ఆ పడవల దారితో కలిసింది.

ఇక నేను మొదట చెప్పిన కారణము. కాలువకు గవర్నరు పేరు ఉన్నది. గుత్త తీసుకున్న దొరగారి పేరు ఉన్నది. త్రవ్విన చేతుల పేర్లు, లాగిన భుజాల పేర్లు మనకు లేవు. ఈ నూరేండ్ల సంచికలో బిషపుల పేర్లు, పాస్టర్ల పేర్లు వరుసగా అచ్చువేసుకుంటున్నాము, అది న్యాయమే. అయితే మన గుడి గోడలకు రాళ్ళు తోలిన బండివారు ఎవరు? సున్నము నూరిన స్త్రీలు ఎవరు? కోతలకో, కూలికో వలస వెళ్ళి ఆదివారము రాలేకపోయినవారు ఎవరు? మన పాత రిజిస్టరులలో 'ఊరిలో లేరు' అన్న పేర్లు నేనూ చూశాను. ఆ ఇండ్లలో ముసలివారు ఇంకా కొందరు ఉన్నారు. యౌవనస్థుల కూటమివారు ఈ వేసవిలో ఒక నోటు పుస్తకము తీసుకొని వారివద్దకు వెళ్ళవలెనని కోరుతున్నాను. ఆ పేర్ల ఎదుట వారు ఎక్కడ ఉన్నారో, ఏమి పని చేస్తూ ఉన్నారో వ్రాద్దాము.