మల్లస్తంభము

వ్యాయామమనగానే మనకు కండపుష్టి స్ఫురించును. దేహమును తొట్రుపడనీయక నిలుపుకొనుటయు సాధనచే లభించు విద్యయే. మహారాష్ట్రులు మల్లఖాంబమని పిలుచు మల్లస్తంభము ఇందుకు నిదర్శనము.

కళ్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున సంస్కృతమున రచించిన ‘మానసోల్లాసము’న దీని ప్రస్తావన కలదు. మన తొలితరపు కాకతీయులు ఆ చాళుక్యులకే సామంతులు. కావున ఈ విద్య మనకు బొత్తిగా పరాయిది కాదు.

తరువాత చిరకాలము మరుగుపడిన దీనిని ఉద్ధరించినవాడు పీష్వా రెండవ బాజీరావు ఆస్థానమందలి వ్యాయామగురువు బాలంభట్టదాదా దేవధర్. నిజాము రాజ్యమునుండి అలీ, గులాబ్ అను ఇరువురు మల్లులు పూనాకు పోయి, తమతో తలపడగలవారెవ్వరని సవాలు చేసిరట. పిన్నవయస్కుడైన బాలంభట్టు గడువు కోరి, నాసిక్ ప్రాంతపు సప్తశృంగి కొండపై దేవి నుపాసింపగా, ఆంజనేయుడు స్వప్నమున ఈ పట్లను నేర్పెననియు, పిదప అతడు అలీని ఓడించెననియు ఐతిహ్యము. కలమాట యెట్లున్నను, చెట్టెక్కు కోతిని శ్రద్ధగా గమనించినవానికి ఈ పట్లు తోచుట అసంభవము కాదు. ఐతిహ్యమే నిజమైనచో, ఈ పునరుద్ధరణకు కారకులైన కీర్తిలో కొంత నిజాము మల్లులకును దక్కవలెను!

కంబము టేకువంటి గట్టి కలపతో చేయబడి, అడుగున లావుగా నుండి పైకి సన్నబడును. కొనయందు మెడ, దానిపై చిన్న శిరస్సు. ఒడలు ఒరసికొనకుండుటకై ఆముదము పూయుదురు. అభ్యాసి తొడలతోను పాదములతోను పట్టి ఎగబ్రాకి, ఆ శిరస్సుపై ఒంటికాలిమీద నిలుచును. జారెడి కంబముపై ఒట్టి బలము పనికిరాదు. ఒడలి బరువు సరిగా నడిమికి చేరవలెను. గొలుసులతో వ్రేలాడదీసిన కంబము ఊగుచు తిరుగుచుండును. సీసాలపై నిలిపిన పీటమీది నిరాధార కంబము మరింత విషమము. అభ్యాసి ఏమరినచో కంబమే కూలును. దినమంతయు కుర్చీలకు అతుక్కొనియుండు మనబోంట్లకు కంబము దుర్లభమే కాని, గోడ చేరువ నిలిచి ఒంటికాలిపై క్షణకాలము సాధన చేయుట దుర్లభము కాదు. వార్ధక్యమున తూలిపడి తుంటియెముక విరిగినవారి యిండ్లలో దీని విలువ తెలియును.

1818లో పీష్వాల రాజ్యము అంతరించి, బాజీరావు కాన్పూరు చెంతనున్న బిఠూరు చేరెను. కొలువు చెదరినను విద్య చెదరలేదు. శిష్యపరంపర దానిని వ్యాయామశాలలలో నిలిపెను. 1936లో అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు బెర్లిను ఒలింపిక్సు సందర్భమున దేశీయ వ్యాయామములను ప్రదర్శించిరి. (ఇది విదర్భలోని అమరావతి, మన కృష్ణాతీరమందలిది కాదు.) 2013లో మధ్యప్రదేశ్ ప్రభుత్వము దీనిని రాష్ట్రక్రీడగా ప్రకటించెను. 2019లో బొంబాయి శివాజీ పార్కున తొలి ప్రపంచ పోటీలు జరిగినవి.