ఇన్‌టేక్ మానిఫోల్డ్: పగుళ్లు, ప్యాకింగులు

కార్బొరేటర్ కలిపి పంపిన గాలిని, పెట్రోలును ఇంజన్‌లోని సిలిండర్లన్నిటికీ సమానంగా పంచే గొట్టాల అమరిక ఇన్‌టేక్ మానిఫోల్డ్. తొలి ఇంజన్లకు ఇది అవసరపడలేదు. 1876లో జర్మనీలో నికొలౌస్ ఒట్టో నడిపి చూపిన నాలుగు స్ట్రోకుల ఇంజన్‌కు ఉన్నది ఒక్కటే సిలిండర్, అది తాగింది బొగ్గు గ్యాసు. 1893లో విల్‌హెల్మ్ మేబాక్ పెట్రోలును సన్నని జెట్‌లోంచి చిమ్మించే కార్బొరేటర్ చేశాడు. ఆ తర్వాత సిలిండర్లు రెండయ్యాయి, నాలుగయ్యాయి, కార్బొరేటర్ మాత్రం ఒకటిగానే ఉండిపోయింది. ఒక నోటి నుంచి నాలుగు దారులుగా చీలే పోత గొట్టం అలా పుట్టింది.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి ఈ అమరికను లక్షలాది మంది ఇళ్లకు చేర్చింది. దానికి నాలుగు సిలిండర్లు, ఒక కార్బొరేటర్. మానిఫోల్డ్ ఇంజన్ బ్లాకును తాకే చోట రాగి రేకుకు ఆస్‌బెస్టాస్ జతచేసిన ఉంగరాలు ఉండేవి. బిగించినప్పుడు రాగి నలిగి లోహాల మధ్య సందులను పూడ్చేది, ఆస్‌బెస్టాస్ వేడిని ఓర్చుకునేది. నేటి ప్యాకింగులన్నీ చేస్తున్న పని అదే, మారింది పదార్థమే.

ఆ రోజుల్లో మానిఫోల్డ్‌కు వేడి చాలకపోవడమే పెద్ద సమస్య. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, గొట్టం చల్లబడుతుంది. చల్లటి గోడలకు పెట్రోలు చుక్కలుగా అంటుకుని కిందికి జారితే ఒక సిలిండర్‌కు ఎక్కువ, మరొకదానికి తక్కువ అందుతుంది. కార్ల సంఖ్య పెరిగి, 1913 నుంచి బర్టన్ పద్ధతిలో బరువైన చమురును విరగ్గొట్టి పెట్రోలు తీయడం మొదలయ్యాక, త్వరగా ఆవిరవని ఇంధనం మరింతగా బంకుల్లోకి వచ్చింది. దీనికి ఇంజనీర్లు ఎంచుకున్న ఉపాయం ఇన్‌టేక్ మానిఫోల్డ్ అడుగును మండే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు ఆనించి బిగించడం. 1929 నాటి షెవ్రొలే ఆరు సిలిండర్ల ఇంజన్‌లో, రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపులో ఈ జంట కనిపిస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పొగను ఇన్‌టేక్ అడుగుకు మళ్లించి, వేడెక్కాక పక్కకు తప్పించే స్ప్రింగు రెక్క ఒకటి మధ్యలో ఉండేది. ఆ రెక్క తుప్పు పట్టి ఇరుక్కుపోతే మానిఫోల్డ్ అస్తమానం కాలుతూనే ఉండేది. పాత ఇంజన్లలో మధ్యభాగం పగలడానికి ఇదొక ముఖ్య కారణం.

మన రోడ్ల మీద ఐదు దశాబ్దాలకు పైగా నడిచిన అంబాసిడర్‌దీ ఈ వంశమే. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండూ ఒకే వైపున, పక్కపక్కనే ఉంటాయి. ఒకటి వందల డిగ్రీలకు చేరుతుంటే, దాని పొరుగునే ఉన్న రెండోది పెట్రోలు ఆవిరితో చల్లబడుతుంటుంది.

పగులు ఎందుకు వస్తుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది. పోత ఇనుము సాగేది అందులో సగం కన్నా తక్కువ, దాదాపు 10.5 మైక్రాన్లు. 40 సెంటీమీటర్ల అల్యూమినియం మానిఫోల్డ్‌ను పోత ఇనుప హెడ్‌కు బిగించి 80 డిగ్రీలు వేడెక్కిస్తే మానిఫోల్డ్ 0.74 మిల్లీమీటర్లు సాగుతుంది, హెడ్ 0.34 దగ్గరే ఆగుతుంది. తేడా 0.4 మిల్లీమీటర్లు. స్టడ్డుల రంధ్రాలు కాస్త వదులుగా ఉండి, ప్యాకింగు జారనిస్తే ఆ తేడా హాయిగా సర్దుకుంటుంది. ఒక నట్టును విపరీతంగా బిగించి పక్కదాన్ని వదులుగా వదిలేస్తే మాత్రం లోహం ఎటూ కదల్లేక, ఎక్కడ పలచగా ఉందో అక్కడ విచ్చుకుంటుంది. ఇంజన్ ప్రతిసారీ వేడెక్కి చల్లారినప్పుడు ఆ చీలిక మరికాస్త ముందుకు పాకుతుంది. కార్బొరేటర్ వైపు మంట ఎదురుతన్నే బ్యాక్‌ఫైర్, కూలెంట్ నీరు తినేసిన గోడలు, వంగిపోయిన ఫ్లాంజి ఇందుకు తోడవుతాయి.

పగిలిన మానిఫోల్డ్‌లోంచి ఏదీ బయటికి కారదు, బయటి గాలే లోపలికి వస్తుంది. అందుకే కంటికి దొరకదు. మెకానిక్కుల మాటలో చెప్పాలంటే ఇంజన్ గాలి పీలుస్తోంది. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి ఉండాల్సిన మిశ్రమంలో గాలి పెరిగి, ఐడిలింగ్ నిలవదు, ఆర్‌పీఎం పైకీ కిందికీ ఊగుతుంది, ఒక సిలిండర్ మిస్సవుతుంది, సన్నని ఈల వినిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజన్ ఐడిలింగ్‌లో వ్యాక్యూమ్ గేజి పాదరసం లెక్కన సాధారణంగా 17 నుంచి 21 అంగుళాల మధ్య నిలకడగా చూపుతుంది. ముల్లు అంతకన్నా కిందే నిలిచిపోతే ముందుగా మానిఫోల్డ్‌నే అనుమానించాలి. అతుకుల మీద కార్బొరేటర్ క్లీనర్ చిలకరించి, ఇంజన్ శబ్దం ఎక్కడ మారుతుందో వినడం షెడ్డుల్లో చేసే పరీక్ష. అది మండే ద్రవం, పక్కనే ఎగ్జాస్ట్ ఉంటుంది. అంతకన్నా మానిఫోల్డ్‌లోకి పొగ ఊది, ఎక్కడి నుంచి బయటికి వస్తుందో చూడటం ఎంతో క్షేమం.

పోత ఇనుమును అతికే విద్య ఇరవయ్యో శతాబ్దంలో నిలదొక్కుకుంది. 1903లో ఫ్రాన్స్‌లో ఫూషే, పికార్ ఆక్సీ ఎసిటిలీన్ టార్చిని తయారుచేశారు. పెద్ద పరీక్ష 1917లో వచ్చింది. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగబోయే ముందు ఆ దేశపు రేవుల్లో చిక్కుకున్న జర్మన్ ఓడల సిబ్బంది, శత్రువుకు పనికిరాకుండా ఇంజన్ల పోత ఇనుప సిలిండర్లను పగలగొట్టారు. కొత్తవి పోయాలంటే ఏడాదికి పైగా పడుతుందన్న అంచనాల మధ్య అమెరికా నౌకాదళం ఆర్క్ వెల్డింగ్‌తో వాటిని కొన్ని నెలల్లోనే సముద్రంలోకి పంపింది. అలా బాగుపడిన ఓడలు సైనికులను ఐరోపాకు చేరవేశాయి. పగిలిన పోతను పారేయనక్కర్లేదని ఇంజనీర్లకు గట్టిగా నమ్మకం కుదిర్చిన పని ఇది. మంట పెట్టడానికి వీల్లేని టెక్సాస్ చమురు క్షేత్రాల్లో 1930ల్లో మరో దారి తొక్కారు. పగులుకు అడ్డంగా రంధ్రాలు వేసి, వాటిలో నికెల్ మిశ్రమపు బిళ్లలను సుత్తితో దిగ్గొట్టి లోహాన్ని కుట్టేయడం ఆ పద్ధతి. వేడి లేదు కాబట్టి కొత్త పగులు పుట్టదు.

అల్యూమినియం చాలాకాలం మొండికేసింది. అది 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని పైనున్న ఆక్సైడ్ పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితే గాని కరగదు. పొర కరగకముందే లోపలి లోహం నీరై జారిపోతుంది. 1941లో అమెరికాలోని నార్త్‌రప్ విమాన కర్మాగారంలో రస్సెల్ మెరెడిత్ విమానాల మెగ్నీషియం భాగాల కోసం టంగ్‌స్టన్ కడ్డీ, హీలియం వాయువుతో చేసిన వెల్డింగ్ ఇందుకూ దారి చూపింది. ఇవాళ టిగ్ వెల్డింగ్ అంటున్నది దాని సంతతే. ఆల్టర్నేటింగ్ కరెంటు వాడితే దాని ప్రవాహం ఒకవైపు తిరిగినప్పుడు ఆక్సైడ్ పొర చెదురుతుంది, మరోవైపు తిరిగినప్పుడు లోహం కరుగుతుంది.

పనిలో వెల్డింగ్ కన్నా ముందు జరిగేదే ముఖ్యం. ఏళ్ల తరబడి పెట్రోలు, నూనె పీల్చిన పోతను కడిగి, కాచి, మళ్లీ కడగాలి. పగులు రెండు కొసల్లో చిన్న రంధ్రాలు వేస్తే అది ఇక పాకదు. చీలికను వి ఆకారంలో గాడిగా తవ్వి, మొత్తం పోతను నెమ్మదిగా వేడిచేసి, సిలికాన్ ఐదు శాతం ఉన్న 4043 అల్యూమినియం తీగతో నింపి, ఇసుకలోనో బూడిదలోనో మెల్లగా చల్లారనివ్వాలి. వెల్డింగ్ వేడికి ఫ్లాంజి వంగుతుంది కాబట్టి స్ట్రెయిట్ ఎడ్జి పెట్టి ఫీలర్ గేజితో చూసి, సందు 0.1 మిల్లీమీటర్ దాటితే మిషన్ మీద ఫేసింగ్ చేయించడం మంచిది. ఈ మెట్టు వదిలేసిన మరమ్మతు ఎంత అందంగా కనిపించినా నిలవదు. రెండు గొట్టాల ఎపాక్సీ పూతలు వేడి తగలని చోట, చిన్న పగులుకు సరిపోతాయి. ఎగ్జాస్ట్‌కు ఆనుకున్న చోట పెట్టుకోకపోవడం మంచిది.

ఇక ప్యాకింగుల కథ. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ప్యాకింగును చేత్తో తయారుచేసే పద్ధతి చూడదగ్గది. షీటును ఫ్లాంజి మీద పరిచి, అంచుల వెంట సుత్తితో నెమ్మదిగా కొడుతూ పోతే ఇనుప అంచే షీటును కోసేస్తుంది. బోల్టు రంధ్రాల మీద సుత్తి గుండు వైపుతో తడితే గుండ్రని ముక్కలు రాలిపోతాయి. కొలత, గీత ఏదీ లేకుండానే అచ్చు దిగుతుంది. ఆ షీటు దశాబ్దాల పాటు రబ్బరుతో కలిపి నొక్కిన ఆస్‌బెస్టాస్. దాని ధూళి ఊపిరితిత్తులను తినేస్తుందని తేలాక చాలా దేశాలు నిషేధించాయి, బ్రిటన్ 1999లో ఆ పని చేసింది. 1965లో డూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ కనుగొన్న కెవ్లార్ వంటి ఆరమిడ్ పీచులు, గ్రాఫైట్ ఆ స్థానంలోకి వచ్చాయి. పాత ఇంజన్ విప్పినప్పుడు ఎండు ప్యాకింగును గీకి, కంప్రెసర్ గాలితో ఊదేయడం మన షెడ్డుల్లో ఇప్పటికీ మానని అలవాటు. తడిపి తీయడం, ముక్కుకు మాస్కు కట్టుకోవడం తప్పనిసరి.

సందు పూడ్చడంతో పాటు వేడిని ఆపే ప్యాకింగు వేరు. 1909లో పేటెంటు పొందిన లియో బేక్‌లాండ్ బేకలైటుతో అది మొదలైంది. ఆ రెసిన్‌లో కాగితాన్నో గుడ్డనో తడిపి, పొరలుగా పేర్చి, వేడిచేసి నొక్కితే గట్టి పలక తయారవుతుంది. మన షెడ్డుల్లో దాన్ని హైలమ్ షీటు అంటారు, హైదరాబాద్ సనత్‌నగర్‌లో తయారైన పలక పేరే అందరి నోటా స్థిరపడింది. అల్యూమినియం పోత మీటరుకు డిగ్రీకి నూరు వాట్లకు పైగా వేడిని మోసుకుపోతే, ఈ పలక మోసేది పావు వాటు దరిదాపుల్లో. కొద్ది మిల్లీమీటర్ల దళసరి ముక్కను కార్బొరేటర్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య పెడితే ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోలు ఉడకదు. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, విజయవాడ ఎండల్లో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై అడ్డుపడి, అంటే వేపర్ లాక్ అయి, కార్లు ఆగిపోతే డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ చుట్టేవారు. ఈ ముక్క సరిగ్గా ఉన్న బండికి ఆ తిప్పలు కొంత తగ్గేవి. గాలి పది డిగ్రీలు చల్లగా వెళితే దాని సాంద్రత సుమారు మూడు శాతం పెరుగుతుంది, ఆ మేరకు శక్తి కూడా. పలక మందం పెంచితే స్టడ్డు పొడవూ పెరగాలి. మరిచిపోతే నట్టుకు మరలు చాలక ఊడుతుంది.

1967లో బాష్ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉత్పత్తిలోకి వచ్చాక మానిఫోల్డ్ అవసరాలే మారిపోయాయి. పెట్రోలును వాల్వు ముందే చిమ్ముతున్నారు కాబట్టి గొట్టంలో ఉన్నది పొడి గాలే, దాన్ని వేడి చేయనక్కర్లేదు. అందువల్లే గాజు పీచు కలిపిన నైలాన్‌తో మానిఫోల్డులు సాధ్యమయ్యాయి. మొదట్లో తగరం, బిస్మత్ మిశ్రమంతో పోసిన లోపలి అచ్చు చుట్టూ నైలాన్ పోసి, తర్వాత ఆ అచ్చును 138 డిగ్రీల పైన కరిగించి తీసేసేవారు. ఇప్పుడు రెండు సగాలను కంపనంతో రాపిడి చేసి అతికేస్తున్నారు. నైలాన్ తేలికైనది, వేడిని మోయదు. ప్యాకింగు గాడిలో ఇముడుతుంది, పలకకు బదులు సిలికాన్ పూసల అంచు. కానీ కూలెంట్ దారి కూడా నైలాన్‌లోనే తీస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. 1996 నుంచి 2001 వరకు అమెరికాలో అమ్మిన ఫోర్డ్ 4.6 లీటర్ల వీ8 ఇంజన్లలో ఆ భాగమే పగిలి కోర్టు దాకా వెళ్లింది, తర్వాతి నమూనాల్లో ఆ ముక్కను అల్యూమినియంతో చేశారు.

నైలాన్ పగిలితే వెల్డింగ్ దుకాణం దారి పట్టాల్సిన పనిలేదు, మార్చడమే మరమ్మతు. బైకుల్లో కార్బొరేటర్‌నూ హెడ్‌నూ కలిపే రబ్బరు మానిఫోల్డ్‌కూ ఇదే వర్తిస్తుంది. ఎండకు, వేడికి ఏళ్లు గడిస్తే వంపు దగ్గర సన్నని పగుళ్లు తేలతాయి. చేత్తో వంచి చూస్తే అవి నోరు తెరుస్తాయి. లోపలి పొర దాకా చీలి ఉంటే కొత్తది వేయాల్సిందే. ప్యాకింగు, ఓ రింగు దానితో పాటే కొత్తవి వేయాలి, నట్లను మధ్య నుంచి మొదలుపెట్టి అంచుల వైపు రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి.