అనుమతి లేని ప్రతి, అడుగని జాబు

తాళపత్రాల కాలంలో గ్రంథానికి ప్రతి తీయడం తేలిక పని కాదు. గంటం పట్టినవాని నడుము వంగిపోయేది, చూపు మందగించేది. అందుకే పూర్వపు లేఖకులు వ్రాత ముగించిన పిదప తమ శ్రమను చెప్పుకొని, పుస్తకాన్ని నూనె నుండి, నీటి నుండి కాపాడవలసినదని పాఠకుని వేడుకొనేవారు. అచ్చుయంత్రం ఆ శ్రమను తగ్గించినది. కంప్యూటరు దానిని దాదాపు శూన్యం చేసినది. శ్రమ తొలగినచోట రెండు వివాదాలు పుట్టినవి. ఒకటి, ఇతరుల కృతిని అడుగకుండ ప్రతి తీసుకొనడం. రెండవది, ఎవరూ అడుగని జాబును వేలమందికి పంపడం. మొదటిదానికి పైరసీ అనీ, రెండవదానికి స్పామ్ అనీ పేర్లు స్థిరపడినవి. వీటి చరిత్రను విడివిడిగా చెప్పడం పరిపాటి. కాని రెండింటి మూలమూ ఒక్కటే.

1975లో ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటరు అమెరికాలో అమ్మకానికి వచ్చినది. దానికై బిల్ గేట్స్, పాల్ ఆలెన్ ప్రభృతులు బేసిక్ భాషను సిద్ధపరచినారు. కాగితపు టేపుపై రంధ్రాల రూపంలో ఉన్న ఆ ప్రోగ్రామును కాలిఫోర్నియాలోని ఔత్సాహికులు ప్రతులు తీసి పంచుకొన్నారు. 1976 ఫిబ్రవరిలో 20 ఏండ్ల గేట్స్ వారికి ఒక బహిరంగలేఖ వ్రాసినాడు. యంత్రానికి వెల చెల్లించేవారు ప్రోగ్రామును మాత్రం ఊరక పంచుకొనదగినదిగా భావిస్తున్నారనీ, ఆల్టెయిర్ ఉన్నవారిలో నూటికి 10 మంది కూడ బేసిక్‌ను కొనలేదనీ, తమ శ్రమకు గంటకు 2 డాలర్లైనా గిట్టలేదనీ ఆయన వాదన. ఔత్సాహికులకు మాత్రం అది తెలిసిన విద్యను తోటివారికి చెప్పడం వంటిదిగానే తోచినది.

రెండేండ్లకు రెండవ వివాదం తలయెత్తినది. అమెరికా రక్షణశాఖ ధనంతో నడిచిన ఆర్పానెట్‌పై, 1978 మే నెలలో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ తమ నూతన యంత్రాల ప్రదర్శనకు ఆహ్వానాన్ని సుమారు 400 మందికి ఒక్కసారే పంపించినాడు. చిరునామాలు వాటికై ఏర్పరచిన చోటు చాలక జాబు లోపలికే పొర్లినవి. వ్యాపారానికి ఉద్దేశించని మార్గాన్ని ఇట్లు వాడరాదని అధికారులు ఆక్షేపించినారు. అనంతరం సాగిన చర్చలో మసాచుసెట్స్‌లోని రిచర్డ్ స్టాల్మన్ పాల్గొన్నాడు. ఆ జాబు ఆయనకు రాలేదు. అందులో అంత తప్పేమున్నదని ఆయన మొదట వాదించినాడు. తరువాత మిత్రుడొకడు దాని ప్రతిని పంపగా చూచి, తన మాటను వెనుకకు తీసుకొన్నాడు. అంత పొడవైన చిరునామాల పట్టికతో జాబు పంపే అధికారం ఎవరికీ ఉండరాదన్నాడు. 1983లో స్వేచ్ఛగా ప్రతులు తీసుకొనదగిన ప్రోగ్రాముల ఉద్యమాన్ని ప్రకటించినవాడు ఈ స్టాల్మనే. పంచుకొనే స్వేచ్ఛను కోరినవానికి సయితం, తన ముందు వచ్చిపడిన బరువు వేరుగా కనిపించినది.

తరువాతి కాలంలో స్పామ్ పని మనుష్యుల చేతి నుండి యంత్రాల చేతికి పోయినది. యజమానులకు తెలియకుండ వశపరచుకొన్న కంప్యూటర్లు వలగా ఏర్పడి జాబులు గుప్పించసాగినవి. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అటువంటి ఒక వలలో ప్రవేశించి లెక్క తీసినారు. సుమారు 35 కోట్ల జాబులకు ఫలితంగా సరుకు కొనడానికి సిద్ధపడినవారు 28 మంది. ఇంత స్వల్పమైన బేరంతో ఏ అంగడీ నిలువదు. పంపేవానికి ఖర్చు లేదు గనుక ఈ అంగడి నిలిచినది. ఆ ఖర్చంతా జాబులను ఏరి చెరిపివేసే కోట్లాదిమంది కాలంపై పడినది.

పైరసీ విషయంలో లెక్క ఇంత సులభం కాదు. 2012లో మూడు ప్రచురణ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయంపై, దాని ఆవరణలోని ఒక జిరాక్సు దుకాణంపై దావా వేసినవి. వేర్వేరు పుస్తకాలలోని పాఠ్యభాగాలను ఒకచోట చేర్చి విద్యార్థులకు ప్రతులు అమ్మడం వారి అభ్యంతరం. బోధనకై తీసిన ప్రతులకు 1957 కాపీరైటు చట్టంలో మినహాయింపు ఉన్నదని 2016 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ దావాను కొట్టివేసినది. డిసెంబరులో ధర్మాసనం కొన్ని అంశాలను తిరిగి విచారణకు పంపినది. 2017లో ప్రచురణకర్తలు దావాను ఉపసంహరించుకొన్నారు.

గేట్స్ కష్టంలో న్యాయమున్నది. పుస్తకం కొనలేని విద్యార్థి అక్కరలోనూ న్యాయమున్నది. ఈ ప్రతి ఎవరికై తీయబడుతున్నది, దీని బరువు ఎవరు మోస్తున్నారు, వారి సమ్మతి ఉన్నదా అని విచారించినప్పుడే ఈ రెండింటినీ తూచడం సాధ్యం. లేఖకుని కాలంలో ఆ విచారణ శ్రమతోనే జరిగిపోయేది. అక్కరలేని ప్రతికై ఎవరూ నడుము వంచేవారు కారు. ఆ శ్రమ తొలగిన నేడు, విచారణ భారం మనిషి మనస్సుపైననే నిలిచినది.